నీలం పరదా ముందు ఫోటో దిగని ఆడబిడ్డ

గడప మీద ఎందుకు కూర్చున్నారు, ఇటు చాప మీదికి జరగండి. ఇంకొంచెం దగ్గరికి. ఇది గొంతు పెంచి చెప్పే సంగతి కాదు. మా ఆడబిడ్డ వెనక అర్రలో బట్టలు మడతపెడుతోంది, వింటే నవ్వుతుంది. అందరూ భయపడ్డ చోట నవ్వడం ఆమె అలవాటు. ఆ నవ్వే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

మాది గోదావరి ఒడ్డు ఊరు, లక్సెట్టిపేటకు దగ్గర. మా ఇంటి ముందరి అర్రను కరీంనగర్ సంస్థ ఒకటి దవాఖాన కోసం తీసుకుంది. వారానికొకసారి డాక్టర్ వచ్చి ఫిట్స్ ఉన్నవాళ్లను, షుగర్, బీపీ ఉన్నవాళ్లను చూసి ఉచితంగా మందులిచ్చేవాడు. ఆదిలాబాద్ వైపు నుంచి కూడా సద్దులు కట్టుకుని వచ్చేవాళ్లు. అక్కడ కంప్యూటర్ పని మా ఇంటాయనది. అందులోని ప్రోగ్రాం కూడా ఆయన చేసిందే. పెళ్లికి ముందు కరీంనగర్‌లో నేర్చుకున్న చదువంతా దాంట్లో పెట్టాడు. ఒక మనిషికి ఒక పేజీ. పేరు, ఊరు, రోగం, మందు, పైన ఒక మూలకు చిన్న గడిలో ఫోటో.

ఫోటోలు దిగడానికి గోడకు నీలం పరదా కొట్టాడు. అది నా పాత చీర. నాలుగు మూలలా మేకులు కొట్టి బిగించి, రోగులను ఒక్కొక్కరినే దాని ముందు నిలబెట్టేవాడు.

రోగుల్లో ఎవరైనా పోతే, వాళ్ల పేజీలో ‘చనిపోయారు’ అని కొట్టడానికి ఆయనకు చేతులు రాలేదు. పేజీ మొత్తం చెరిపేయడానికీ మనసొప్పలేదు. దినాలు అయ్యేదాకా ఆగి, ఆ పేజీలోంచి ఫోటో ఒక్కటి తీసేసేవాడు. దాన్ని పెద్దగా ప్రింట్ తీసి ఇంటివాళ్ల చేతిలో పెట్టేవాడు. చాలామందికి బతుకంతా దిగిన మంచి ఫోటో అదొక్కటే.

ఉట్నూరు వైపు నుంచి ఒక ముసలమ్మ తన భర్త ఫోటో కోసం వచ్చింది. ప్రింట్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది.

“బోడి తలతోని దిగిండు బాపూ. జర నెత్తికి రుమాలు కట్టరాదూ?”

“కంప్యూటర్‌కు రుమాలు కట్టుడు రాదవ్వా” అన్నాడు మా ఆయన.

“మరేం నేర్పినవ్ దానికి?” అని, ఫోటోను కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

అట్లా చుట్టుపక్కల ఊళ్లలో ఏ ఇంటికి పోయినా గోడ మీద దండ వేసిన పటంలో, మనిషి వెనక, నా చీర కనపడేది. లగ్గానికి పోతే కనపడేది, పురుడు చూడటానికి పోతే కనపడేది. మొదట్లో కొంచెం గర్వంగానే ఉండేది. తర్వాత తర్వాత ఎవరింట్లో కూర్చున్నా గోడ వైపు వీపు పెట్టి కూర్చోవడం నేర్చుకున్నాను.

ఇక మా ఆడబిడ్డ సంగతి. ఆమె మా ఆయనకు చెల్లెలు. చిన్నప్పటి నుంచి ఫిట్స్. పెళ్లి మాట ఎత్తితే తనే వద్దంది, మాతోనే ఉంటుంది. దవాఖాన తెరిచిన కొత్తలో ఆయన ఆమెను కూడా పరదా ముందు నిలబెట్టాడు. అప్పటి కెమెరాకు మెరుపు ఉండేది. అది మెరవడం, ఆమె కళ్లు పైకి తిరగడం ఒక్కసారే జరిగాయి. చేతికందిన పరదా పట్టుకుని పడింది. మేకులతో సహా పరదా ఊడి ఆమెను నిండా కప్పేసింది. ఆ నీలం గుడ్డ కింద ఆమె కొట్టుకుంటుంటే ఎక్కడ తల, ఎక్కడ కాళ్లు అని నేను వెతుక్కోవడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది.

ఆ తర్వాత ఆమెను ఫోటో అడిగినవాళ్లు లేరు. ఆమె పేజీలో ఫోటో గడిని ఆయన ఖాళీగా వదిలేశాడు. మందు మాత్రం తప్పకుండా వచ్చేది. ఆ బిళ్లలు మా దగ్గరి మెడికల్ షాపుల్లో దొరకవు. కంపెనీ మార్చినా, ఒక్కసారిగా మానినా ప్రమాదమని డాక్టర్ గట్టిగా చెప్పాడు. అవి వేసుకుంటున్నంత కాలం ఆమెకు ఫిట్స్ రాలేదనే చెప్పాలి.

“నాకు ఫోటోనే లేదు వదినె. నన్ను గోడకు ఎక్కించుడు మీ తోని కాదు. నేను చావనే చావ” అని వేళాకోళమాడేది. నేను ఆమె నోటి మీద కొట్టి ఊరుకునేదాన్ని.

ఎంత బాగున్నా మా జాగ్రత్తలు మాకుండేవి. స్నానాల గది తలుపుకు గొళ్లెం తీసేయించాం. ఆమె స్నానానికి పోతే తలుపు దగ్గరగా వేసుకుంటుంది, నేను బయట ఏదో ఒక పని ముందేసుకుని కూర్చుంటాను. లోపలి నుంచి ఆమె మాట్లాడుతూనే ఉండాలి. పాటైనా సరే, ఊరి ముచ్చటైనా సరే. మాట వినపడుతున్నంతసేపు మనిషి బాగున్నట్టు. అదృష్టం కొద్దీ ఆమెకు మాటలకు కొదవలేదు.

కాలం గడిచేకొద్దీ కంప్యూటర్ ముసలిదైంది. లోపలి ఫ్యాన్ పిండిగిర్నీలా మోగేది. ఆయన దాని వీపు మీద చరిస్తే కాసేపు ఊరుకునేది. కొత్త కంప్యూటర్ తెస్తే ఆయన ప్రోగ్రాం దాంట్లో నడవలేదు. అది పాత కాలపు పద్ధతి, ఇప్పటి యంత్రాలకు ఆ భాష రాదు అన్నారు. ఈ డబ్బా ఒక్కసారి ఆగిపోతే ఇందరి రోగాల వివరాలు దాంతోనే పోతాయి. అందుకని అందులో ఉన్నదంతా కొత్త ప్రోగ్రాంలోకి ఎక్కించాలని సంస్థవాళ్లు నిర్ణయించారు. ఇక మీదట మందులు ఇక్కడి బీరువాలోంచి తీసివ్వడం ఉండదు. కరీంనగర్‌లోనే ఎవరి పేరుతో వాళ్లకు పొట్లాలు కట్టి పంపుతారు.

ఆ పని మీద ఒక ఇంజనీరు అమ్మాయి, ఆమెతో ఇంకొకాయన వచ్చారు. మంచి మర్యాదస్తులు. ఆయన ప్రోగ్రాంలోని ఒక్కొక్క గడినీ చూపించి, ఇది ఎందుకు, అది ఎందుకు అని అడిగి తెలుసుకున్నారు. మా ఆయనకు అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. ఇన్నేళ్లకు ఆయన పనిని అడిగి తెలుసుకునేవాళ్లు వచ్చారు. నేను గుమ్మం దగ్గర చిక్కుడుకాయలు వలుస్తూ వింటున్నాను.

“అంకుల్, చనిపోయినోళ్లు మీ దాంట్ల ఏడ కనవడ్తలేరు. ఎట్ల గుర్తు పడ్తరు?” అంది ఆ అమ్మాయి.

“ఫోటో తీసేస్త బిడ్డా.”

“అంటే ఫోటో లేకపోతే మనిషి లేనట్టేనా?”

“లేనట్టే.”

“పక్కానా అంకుల్? దాన్ని బట్టే అందరినీ ఒక్కసారి మారుస్తం.”

“నా ప్రోగ్రాం నాకు ఎర్క లేదా? ఫోటో లేదంటే పోయినట్టే. రాసుకో.”

అప్పుడే మా ఆడబిడ్డ చాయ్ గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని లోపలికి వచ్చింది. “మా అన్న చెప్పిండంటే ఇగ తిరుగు లేదు. చాయ్ సల్లారుతది, తాగుండ్రి” అంది. అన్న చేతికి గ్లాసు అందించింది. ఆయన ఆమె ముఖంలోకి చూసి, చక్కెర తక్కువైందన్నాడు.

మాలో ఎవ్వరికీ తట్టలేదు.

పనంతా అయ్యాక కొత్త ప్రోగ్రాం చూపించారు. ఎవరి పేరైనా అడగమన్నారు. మా ఆయన ధర్మపురి పంతులు పేరు అడిగాడు, హుజూరాబాద్‌కు కోడలిగా పోయిన పిల్ల పేరు అడిగాడు. అందరూ ఫోటోలతో సహా తెర మీదికి వచ్చారు. పోయినవాళ్ల దగ్గర బూడిద రంగు తల బొమ్మ ఒకటి వచ్చింది. కళ్లు లేవు, ముక్కు లేదు, నోరు లేదు. ఉత్త తల, భుజాలు. నాకు దాన్ని చూడబుద్ధి కాలేదు. ఆయన ఎందరెందరి పేర్లో అడిగాడు గాని చెల్లెలి పేరు అడగలేదు. చాయ్ ఇచ్చి పోయిన మనిషిని కంప్యూటర్‌లో ఎవరు వెతుకుతారు?

వాళ్లు వెళ్లాక పాత కంప్యూటర్‌ను ఆపి, దాని మీద తెల్ల దుప్పటి కప్పాడు.

“తెల్లది ఎందుకయ్యా, మంచిగ లేదు” అన్నాను.

“డబ్బాకేం శకునమే? దుమ్ము పడకుంటే సాలు.”

మొదటిసారి పొట్లాలు వచ్చిన రోజు ముందరి అర్ర తిరునాళ్లలా ఉంది. ఒక్కొక్క పొట్లం మీద పేరు, ఫోటో ముద్రించిన కాగితం అతికించి ఉంది. అందరివీ వచ్చాయి. మా ఆడబిడ్డది రాలేదు. “కొత్త గద, వెనకముందు అయితది. ఫికర్ చేయకు” అన్నాడు ఆయన. డాక్టర్ కూడా కొత్త ఏర్పాటు కుదురుకునేదాకా రానని కబురు పెట్టాడు. ఫోన్ చేస్తే కరీంనగర్‌లో ఎత్తినవాళ్లు ఆమె వివరాలు కూడా అడగకుండా “పంపుతం సార్, పంపుతం” అనేవాళ్లు. మా ఆయన నమ్మాడు. తను నిలబెట్టిన పని మీద ఆయనకంత నమ్మకం.

ఆమె బిళ్లలను వక్కపొడి డబ్బాలో పోసుకుంటుంది. పొద్దున మూత తీసే ముందు డబ్బాను ఒకసారి ఆడిస్తుంది. నిండా ఉన్నప్పుడు ఆ చప్పుడు నా చెవికి ఆనేదే కాదు. ఇప్పుడు రోజురోజుకూ పలచబడుతూ, ఏ పనిలో ఉన్నా వినపడసాగింది. ఒకనాడు ఆమె వంటింటి మూలకు తిరిగి నిలబడి బిళ్లను పంటితో సగం కొరకడం చూశాను.

“గదేం పని పిల్లా?”

“కొత్తయి వచ్చేదాక ఇవే ఎల్లాలె గద వదినె. అన్నకు చెప్పకు, పరేషాన్ అయితడు.”

నేను ఆగలేదు, ఆ పూటే చెప్పాను. ఆయన సాయంత్రం బండి మీద తిరిగి ఎన్ని మెడికల్ షాపులు అడిగినా వేరే కంపెనీ బిళ్లలే చూపించారట. ఉత్త చేతులతో వచ్చాడు. మర్నాడు నేరుగా ఆఫీసువాళ్లతోనే తేల్చుకుంటానన్నాడు.

ఆ మర్నాడు భోజనాల వేళ ఆయన ఫోన్ టంగుమంది. ఆయన చేతికి పప్పు అంటి ఉంది, కళ్లద్దాలు ఎక్కడో ఉన్నాయి. మా ఇంట్లో మెసేజ్‌లు చదివేది ఆడబిడ్డే. ఫోన్ తీసుకుని పెద్దగా చదివింది.

“మీ కుటుంబ సభ్యురాలి మృతికి మా ప్రగాఢ సానుభూతి...”

“ఎవ్వరు పోయిండ్రే?” ముద్ద చేతిలోనే పట్టుకుని అడిగాడు ఆయన.

ఆమె తెర మీద వేలు పెట్టి కిందికి జరిపింది. పేరు చదివింది. తన పేరే. ఇంటిపేరు, ఊరు, అన్నీ తనవే. పగలబడి నవ్వింది.

“అన్నా, నేను పోయిననట! ముచ్చట్లు చెప్పుకుంట అన్నం పెడ్తున్న, నాకే ఎర్క లేదు!”

మేము నవ్వలేదు. మా ఆయన కంచం ముందు నుంచి లేచి, ఆ చేత్తోనే కరీంనగర్‌కు ఫోన్ కలిపాడు. అవతల మాట్లాడేది అందరికీ వినపడింది.

“ఆమె మరణించినట్టే ఉన్నది సార్. పోయినోళ్ల ఇండ్లకు ఇయ్యాల్లనే మెసేజ్‌లు పంపినం. ఫోటో లేకపోతే పోయినట్టు పెట్టుమని మీరే చెప్పిండ్రట గద?”

ఆయన ముఖంలో నెత్తురు దిగిపోయింది. ఫోన్ కింద పెట్టాడు. గుమ్మం దగ్గర నేను, పళ్లెంతో ఆమె, కుర్చీలో ఆయన, ఆ రోజు మేమున్న తీరంతా నాకప్పుడు ఒక్కసారిగా కళ్లముందుకు వచ్చింది. ఆయనకూ వచ్చే ఉంటుంది. చెల్లెలి వైపు తల ఎత్తలేదు.

తెల్లవారి మొదటి బస్సుకు కరీంనగర్ బయలుదేరాడు. బిళ్లల డబ్బా నిశ్శబ్దమైపోయింది, అందులో మిగిలింది ఒక సగం బిళ్ల. పోయేముందు నాతో, “పొయ్యి దగ్గరికి రానియ్యకు. బాయి దిక్కు పోనియ్యకు” అన్నాడు. నేను ఇంట్లో కత్తిపీటను కూడా అటక మీదికి ఎక్కించాను. ఆమె ఎటు కదిలితే అటు నా కళ్లు పోయేవి. పొద్దు నెత్తి మీదికి వస్తుండగా, “తలంత జిడ్డున్నది వదినె, పోసుకుంట” అంది. వద్దంటే వినలేదు. వేడి నీళ్లు వద్దని చన్నీళ్లే పెట్టాను. తలుపుకు ఆనుకునే కూర్చున్నాను.

లోపలి నుంచి ముచ్చట మొదలైంది. పక్కింటామెకు అల్లుడు దుబాయి నుంచి అత్తరు తెచ్చాడట.

“గామెకేం తెలుసు వదినె, గది దోమల మందు అనుకున్నది. మెషిన్ల పోసి స్విచ్చి ఏసింది. ఇల్లంత పెండ్లివారి ఇల్లు లెక్క గుమగుమ. అల్లుడు వచ్చి, అత్తా, నా అత్తరు సీస ఏదంటే, గామె ఏమన్నదో ఎరుకనా...”

“ఏమన్నది?” అన్నాను నవ్వుతూ.

చెంబు రాయి మీద పడి దొర్లింది. దొర్లి దొర్లి ఆగింది.

“పిల్లా, ఏమన్నది?”

తలుపు తోస్తే అడ్డంగా ఆమె కాలు ఉంది. ఎట్లా దూరానో లోపలికి దూరాను. ఆమె తల రాతి మూలకు తగిలి పగిలింది. ఒళ్లంతా కొయ్యబారి కొట్టుకుంటోంది. పక్కకు తిప్పి పట్టుకుని కేకలు వేశాను. ఎప్పుడూ అది కొంతసేపటికి ఆగేది. ఆ రోజు ఆగినట్టే ఆగి మళ్లీ పట్టుకునేది. దుప్పటి చుట్టి, పక్కింటి వాళ్ల ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పోయేసరికి పెదవులు నీలంగా అయ్యాయి. ఆ రంగు నాకు తెలిసిన రంగే. ఇన్ని గోడల మీద చూశాను.

సూది వేశారు, ఊపిరికి గొట్టం పెట్టారు. కొట్టుకోవడం ఆగింది గాని కళ్లు తెరవలేదు. అప్పటికి మా ఆయన కరీంనగర్ ఆఫీసులోనే ఉన్నాడు. ఆ ఇంజనీరు అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని తనే డాక్టర్ దగ్గరికి తీసుకుపోయి బిళ్లలు ఇప్పించిందట. కానీ పేజీ మార్చబోతే ప్రోగ్రాం ఒప్పుకోలేదు. పోయిన మనిషిని మళ్లీ బతికున్నట్టు పెట్టాలంటే ఫోటో ఉండి తీరాలి. “ఖాళీ గడి ఉంటే ముందలికి పోతలేదు అంకుల్” అందట.

తిరుగు బస్సులో ధర్మపురి దాటుతుంటే నా ఫోన్ అందింది ఆయనకు. ఆసుపత్రికి వచ్చి, బిళ్లల కవరు నా ఒళ్లో పెట్టి, మంచం పక్కన నిలబడ్డాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు.

“ఇప్పుడా?” అన్నాను.

“మెరుపు రాకుంట తీస్త. ఫోటో లేకపోతే వచ్చే నెల మందు రాదే. గా ప్రోగ్రాంల అది సచ్చిపోయే ఉంటది.”

కిటికీ తలుపు తెరిచాడు. వెలుతురు ఆమె ముఖం మీద పడింది. తలకు కట్టు, సగం మూసిన కళ్లు, ముక్కుకు గొట్టం. ఫోన్ కదలకుండా నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. అట్లా దిగింది మా ఆడబిడ్డ మొదటి ఫోటో. వెనక నీలం పరదా లేదన్న మాటే గాని, చూసినవాళ్లెవరైనా దండ ఏదని అడుగుతారు.

దాన్ని ఆ ఇంజనీరు అమ్మాయికి పంపిన కాసేపటికే ఫోన్ టంగుమంది. మీ నమోదు పూర్తయింది, స్వాగతం అని వచ్చింది.

పొద్దు వాలకముందే ఆమె కళ్లు తెరిచింది. పెదవులు తడుపుకుని నా వైపు చూసింది.

“నేను ఏడిదాక చెప్పిన వదినె?”

“అల్లుడు అత్తరు సీస అడిగినకాడి దాక” అన్నాను. ఆయన బయటికి వెళ్లి గోడకు ఆనుకుని ఏడ్చాడు.

ఇంటికి వచ్చాక ఆయన చేసిన మొదటి పని, తెల్ల దుప్పటి తీసి పాత కంప్యూటర్‌ను లేపడం. ఫోటో ఖాళీగా ఉన్నా బతికి ఉన్నవాళ్లు ఇంకెవరని వెతికాడు. ఘోషా పాటించే ఒక సాయిబుల ఇల్లాలు, ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఒప్పుకోని ఒక పెద్దాయన. ఇద్దరికీ ఫోన్ చేశాడు. ఆ ఇల్లాలు కొడుకుతో మందులు కొనిపించుకుని వాడుతోందట, బాగుంది. పెద్దాయనది ఆదిలాబాద్ వైపు ఊరు. ఫోన్ ఎత్తింది కొడుకు.

“బాపు మొన్ననే పోయిండు సార్. మీకెట్ల తెల్సింది? దినాలు కాకముందే మీకాడి నుంచి మెసేజ్ గూడ వచ్చింది.”

మందు అందక పోయాడో, వయసు వచ్చి పోయాడో మాకు తెలియదు. అడిగే ధైర్యం ఆయనకు లేకపోయింది. ఆ పాత డబ్బాను పాతసామాను వాళ్లకు వేయలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు తలుపు దగ్గరగా వేసుకుని దాన్ని నడిపిస్తాడు. లోపల ఫ్యాన్ మోగుతుంటే ఎవరమూ ఆ అర్రలోకి పోము.

ఇప్పుడు నెలనెలా పొట్లం తప్పకుండా వస్తోంది. దాని మీద ఆ ఆసుపత్రి ఫోటోనే ఉంటుంది. మంచి ఫోటో దిగి మారుద్దామంటే ఆమె ఒప్పుకోదు. “ఒకసారి పరదా ముందల నిలబడినందుకే గిట్లయింది, ఇగ సాలు” అంటుంది. పొట్లం ముందు నా చేతికే వచ్చేటట్టు చూసుకుంటాను. తడి చేత్తో రుద్ది ఆ కాగితం ఊడదీసి, చింపి, పొయ్యిలో వేసి, బిళ్లలను వక్కపొడి డబ్బాలో పోస్తాను. చాయ్ గ్లాసు ఎత్తేటప్పుడు ఆమె ఎడమచేయి ఇంకా వణుకుతుంది. మిగతాదంతా బాగానే ఉంది. బాగానే ఉందని రోజూ తలుపు బయట కూర్చుని వింటాను. లోపల ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినా నా చేతిలో పని ఆగిపోతుంది.

అదిగో, వెనక అర్రలో కూనిరాగం తీస్తోంది, విన్నారా? ఇక లేవండి, పొద్దుపోతోంది, మీ ఇంట్లో వాళ్లు ఎదురుచూస్తుంటారు. మీ ఇంట్లో మూసిన తలుపు వెనక నుంచి ఎప్పుడూ మాట వినపడుతూ ఉండాలి. పిలిస్తే పలికే మనుషులతో మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గోడల మీద ఫోటోలన్నీ నవ్వేవాళ్లవే కావాలి, ఆ నవ్వినవాళ్లంతా సాయంత్రం మీ పక్కన కూర్చుని అన్నం తినాలి.